రెండో ప్రశ్న

దసరా దాటి దీపావళి దగ్గరపడే రోజుల్లో నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఇళ్లకు బయటి దేశాల నుంచి వచ్చే ఫోన్లలో మొదటి మాట దాదాపు ఒకటే. "వానలేమన్నా పడతా ఉండాయా నాయనా?" అని అటునుంచి అడుగుతారు. "ఏదో జల్లు పడిందిలే. ఆడ చలి మొదలైందా?" అని ఇటునుంచి అడుగుతారు. "మొదలైంది" అని జవాబొస్తుంది. అక్కడితో వాతావరణం అయిపోతుంది. బాగున్నారా, తిన్నారా, మందులేసుకుంటున్నారా అన్నవి వరసగా వచ్చి వెళ్లిపోతాయి. తీరిక లేని రోజైతే ఆ వరస రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఫోన్ పెట్టేశాక పిల్లలు "మాట్లాడేదేమీ లేక వాన సంగతి మాట్లాడుకున్నాం" అని నొచ్చుకుంటారు. పెద్దవాళ్లు "వాడికి మనతో మాటలు తక్కువైనాయి" అనుకుంటారు. మాటతీరు నేర్పే పుస్తకాలు కూడా ఈ మొదటి మాటను వీలైనంత త్వరగా దాటేసి లోతైన సంగతుల్లోకి వెళ్లమనే చెబుతాయి. ఈ అధ్యాయం ఆ సలహాను ఒప్పుకోదు. వాన గురించి అడగడంలో తప్పేమీ లేదు. మొదటి జవాబు విన్నాక, అదే వాన మీద రెండో ప్రశ్న అడగకపోవడంలోనే లోపమంతా ఉంది. ఆ రెండో ప్రశ్న నోటికి రావాలంటే అవతలివాళ్ల ఊళ్లో వాతావరణం వాళ్ల బతుకును ఎక్కడ పట్టుకుంటుందో కొంతైనా తెలిసుండాలి. మర్యాద ఎంత ఉన్నా ఆ తెలివిడి లేకపోతే ప్రశ్న పుట్టదు.

వాతావరణం మాటలంటే చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. 1758లో ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ తన వ్యాసాల్లో ఒకదాన్ని దీంతోనే మొదలుపెట్టాడు. ఇద్దరు ఇంగ్లీషువాళ్లు ఎదురుపడితే ముందు మాట్లాడుకునేది వాతావరణం గురించేనని ఆయన గమనింపు. 1923లో మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఇలాంటి మాటలకు ఒక సిద్ధాంతమే చెప్పాడు. వీటిలో సమాచారం ఉండదు, మనుషుల్ని దగ్గరగా ఉంచడమే వీటి పని అన్నాడు. 2004లో ఇంగ్లీషువాళ్ల అలవాట్ల మీద పుస్తకం రాసిన కేట్ ఫాక్స్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఎవరైనా "చలిగా ఉంది కదూ" అంటే "అవును" అని తీరాలి, కాదనడం మర్యాద కాదు అని ఆమె పరిశీలన. ఇవన్నీ ఇంగ్లండుకు నిజమే కావచ్చు. మెట్ట ఊళ్లో రచ్చబండ దగ్గర మాత్రం ఈ సూత్రం నిలవదు. "రాత్రి వాన బాగా పడింది" అని ఒకరంటే, "మీ చేలో పడిందేమో, మా పక్క నేల కూడా తడవలా" అని ఇంకొకరు అక్కడికక్కడే అంటారు. దాన్ని ఎవరూ అమర్యాద అనుకోరు. అనుకోకపోగా ఎవరి పొలంలో ఎంత పడింది, వాగు పారిందా, ఏ చెరువుకు నీళ్లొచ్చాయి అని లెక్క తేల్చుకుంటారు. చిత్త చినుకు తన చిత్తం వచ్చినచోట పడుతుందన్న సామెత పుట్టిన నేలలో వాన గురించి మాట్లాడడమంటే సమాచారం ఇచ్చిపుచ్చుకోవడమే. మలినోవ్‌స్కీ సూత్రం ఇక్కడ సగమే పనికొస్తుంది.

ఆ సమాచారం ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే రెండో ప్రశ్నకు ముడిసరుకు అక్కడే దొరుకుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా జిల్లాలకు వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి మించి వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అంటే మిగతా రాష్ట్రం వానలు వెనకబట్టాయని ఊపిరి పీల్చుకునే శరదృతువులోనే ఈ జిల్లాకు అసలు కాలం మొదలవుతుంది. ఆ వాన కూడా సముద్రం నుంచి వస్తుంది కాబట్టి తీరానికి దండిగా, పడమటి మెట్టకు కొసరుగా పడుతుంది. వెలిగొండల పక్కనున్న మర్రిపాడు, ఉదయగిరి ప్రాంతాలకు మిగిలేది తక్కువ. ఆ తక్కువ కూడా రోజుల మీద ఆధారపడి ఉంటుంది. రైతు దాన్ని కార్తెల్లో లెక్కపెడతాడు. ఒక్కో కార్తె 13, 14 రోజులు. సెప్టెంబరు ఆఖరున హస్త, అక్టోబరు రెండో వారం నుంచి చిత్త, నాలుగో వారం నుంచి స్వాతి, నవంబరు మొదటి వారం దాటాక విశాఖ. ఏ కార్తెలో పడిందన్నదాన్ని బట్టి ఒకే వాన వరమో నష్టమో అవుతుంది. తేలిక నేలల్లో పొగాకు నాట్లకు ఇదే అదను. నేల పదునెక్కకపోతే నాటడానికి లేదు. నాటిన వారానికే కుండపోత పడి చేలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి మొక్క చస్తుంది, మళ్లీ నారు కొని నాటాలి. కందికి ఇది పూతకు వచ్చే కాలం. వారం పది రోజులు మబ్బు పట్టి ముసురు విడవకపోతే పూత రాలుతుంది, కాయను తొలిచే పురుగు ఎక్కువవుతుంది. బోరు కింద నిమ్మో బత్తాయో ఉన్నవాళ్లు చూసేది వేరు. వాళ్లకు ఒక్క జల్లుతో పనిలేదు, చెరువు నిండి భూమిలో నీరు ఊరాలి. జీవాలు తోలుకునేవాళ్లకు గడ్డి మొలవాలి, కానీ మందలో జబ్బులు పుట్టించే ఎడతెగని తడి ఉండకూడదు.

ఇన్ని రకాల మనుషులకు "వాన పడిందా" అన్నది ఒకటే ప్రశ్న, జవాబు మాత్రం ఎవరికి వారిదే. అందుకే మొదటి ప్రశ్నకు "పడింది" అన్న జవాబు వస్తే అందులో ఏమీ తెలియదు. "పదునైందా?" అని అడగండి. "పొగాకు నాటడం అయిందా, ఆగారా?" అని అడగండి. "బొగ్గేరు వాగు పారిందా, చెరువుకు నీళ్లొచ్చాయా?" అని అడగండి. రెండు నిమిషాల్లో ముగియాల్సిన ఫోను ఎటు వెళుతుందో చూడండి. నాట్లకు కూలీలు దొరకలేదన్న మాట వస్తుంది. పక్కచేను కౌలుకు తీసుకున్న సంగతి, బోరు మోటారు కాలిపోయిన సంగతి, బ్యాంకు నుంచి వచ్చిన కాగితం సంగతి వస్తాయి. ఇవన్నీ నేరుగా అడిగితే చెప్పని విషయాలు. "డబ్బులకేమన్నా ఇబ్బందిగా ఉందా" అని కొడుకు అడిగితే మెట్టరైతు ఎవరైనా "ఏం లేదు నాయనా, నువ్వు దిగులు పెట్టుకోబాక" అనే అంటాడు. "నాటింది నిలిచిందా, మళ్లీ నాటాల్సొచ్చిందా" అని అడిగితే ఆ ఇబ్బంది తనంతట తాను బయటికొస్తుంది. అడిగించుకున్నాననే నామోషీ కూడా ఆయనకు ఉండదు, ఎందుకంటే ఆయన చెప్పింది వాన సంగతే.

బయట ఉన్నవాళ్లు ఇక్కడే ఒక పొరపాటు తరచుగా చేస్తారు. టీవీలో సోమశిల గేట్లు ఎత్తారని చూసి, ఊళ్లో వానలు దండిగా పడ్డాయనుకుని సంతోషంగా ఫోన్ చేస్తారు. 78 టీఎంసీల సోమశిల జలాశయం మర్రిపాడుకు పొరుగున అనంతసాగరం మండలంలోనే ఉంది. అయినా దానికి వచ్చే నీళ్లు ఈ మెట్టవి కావు. అనంతపురం, కడప వైపు చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, చెయ్యేరు తెచ్చి పెన్నలో కలిపిన నీళ్లు అవి. గేట్లన్నీ ఎత్తిన రోజున కూడా ఎత్తున ఉన్న మెట్టచేను ఎండిపోయి ఉండొచ్చు. కనుచూపు మేరలో నీళ్లున్నా పొలానికి ఎక్కవన్నది ఈ పడమటి మండలాల పాత బాధ. అది తెలియకుండా "సోమశిల నిండిందంట కదా, ఇంకేం" అంటే తగలకూడని చోట తగులుతుంది. 'నెల్లూరు జిల్లాకు రెడ్ అలర్ట్' అన్నదీ అంతే. జిల్లా అంతటికీ చెప్పిన హెచ్చరికను తీరం పక్క మండలాలు ఒకలా అనుభవిస్తాయి, ఉదయగిరి ఇంకోలా అనుభవిస్తుంది. మండలాల వారీగా ఎంత వాన పడిందో ఈరోజుల్లో ఫోనులోనే చూసుకోవచ్చు. ఫోన్ చేసే ముందు ఆ ఒక్క అంకె చూసుకుంటే చాలు, అడిగే తీరే మారిపోతుంది.

రెండో ప్రశ్నకు నేను ఇంత బరువు ఇవ్వడానికి ఊరి అనుభవం ఒక్కటే కారణం కాదు. 2017లో హార్వర్డ్ పరిశోధకులు సంభాషణల్లో ప్రశ్నల మీద ఒక అధ్యయనం వెలువరించారు. ఎక్కువ ప్రశ్నలు అడిగినవాళ్లు అవతలివారికి ఎక్కువ నచ్చారు. అందులోనూ ముఖ్యంగా పనిచేసింది, అవతలివారు అప్పుడే చెప్పినదాన్ని పట్టుకుని అడిగిన ప్రశ్న. "మీరెలా ఉన్నారు" అని తిరిగి అడగడానికీ, సంబంధం లేని కొత్త విషయం ఎత్తడానికీ అంత ఫలితం రాలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. చెప్పినదాని మీద అడగాలంటే చెప్పింది విని ఉండాలి. రెండో ప్రశ్న వేశామంటేనే విన్నామని రుజువు. అది పరిచయం లేనివాళ్ల మధ్య జరిగిన పరీక్ష కదా, తండ్రీకొడుకులకు ఇది వర్తిస్తుందా అని ఎవరైనా అడగొచ్చు. వర్తించడమే కాదు, ఇంకా ఎక్కువ వర్తిస్తుందని నా అభిప్రాయం. కొత్తవాళ్లు వినకపోతే మనం పట్టించుకోం. సొంతవాళ్లు వినలేదనిపిస్తే గుర్తు పెట్టుకుంటాం.

ఇక ఇటునుంచి అటు అడిగే ప్రశ్న సంగతి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అమెరికా అన్న ఒక్క మాట కింద ఒక ఖండమంత వాతావరణం ఉంది. 2024 సెప్టెంబరు 26న ఫ్లోరిడా దగ్గర తీరం దాటిన హెలీన్ తుపాను, సముద్రానికి వందల మైళ్ల దూరంలో కొండల మధ్య ఉన్న ఆషెవిల్ ప్రాంతాన్ని ముంచింది. అదే రోజుల్లో సియాటిల్‌లో ఉన్నవాళ్లకు ఆ తుపానుతో ఏ సంబంధమూ లేదు. టీవీలో చూసిన వెంటనే కంగారుగా ఫోన్ చేయడంలో ప్రేమ ఉంది, కానీ నాలుగోసారి కూడా "మాకు దూరం అమ్మా" అని చెప్పాల్సి వస్తే అవతల విసుగు పుడుతుంది. పిల్లలుండే ఊరు ఏ రాష్ట్రంలో ఉంది, సముద్రం పక్కనా లోపలా, ఎండదేశమా చలిదేశమా అన్నవి ఒకసారి అడిగి గోడమీద క్యాలెండర్ అంచున రాసుకోవడం ఏ వయసువాళ్లకైనా చేతనయ్యే పని. పిల్లలు కూడా ఇటువైపు కొంత సాయం చేయాలి. అమెరికాలో ఉన్నవాళ్లు అలవాటులో "బయట నలభై ఉంది, గడ్డకట్టుకుపోతున్నాం" అంటారు. అది ఫారన్‌హీట్. మన లెక్కలో నాలుగైదు డిగ్రీలు. మర్రిపాడులో నలభై అంటే మే నెల ఎండ. అంకె చెప్పకుండా "పొద్దున కారు అద్దాల మీద మంచు గీకాల్సొచ్చింది" అంటే ఏ కొలతా అక్కర్లేదు.

శరత్తులో చలిదేశాల్లో అసలు జరిగేది చలి కంటే ముందు చీకటి. ఎర్రబడిన మేపుల్ చెట్ల ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి, అందరూ బాగుందంటారు. ఆ ఫొటోల వెనక పొద్దు కుంచించుకుపోతున్న సంగతి ఎవరూ రాయరు. బ్రిటన్‌లో అక్టోబరు ఆఖరి ఆదివారం, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. లండన్ మనకు అప్పటిదాకా నాలుగున్నర గంటలు వెనక ఉంటే, ఆ రోజు నుంచి ఐదున్నర గంటలు వెనకబడుతుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. ఆఫీసుకు చీకట్లో వెళ్లి చీకట్లో తిరిగొచ్చే మనిషికి మనసు మందగించడం వింత కాదు. ఈ బాధను 1984లో వైద్య పత్రికలో మొదట వివరించి పేరు పెట్టిన నార్మన్ రోసెంతాల్ కూడా దక్షిణాఫ్రికా ఎండలో పెరిగి న్యూయార్క్ వచ్చినవాడే. అందుకే "చలిగా ఉందా" తర్వాత ఇటునుంచి వెళ్లాల్సిన రెండో ప్రశ్న "డ్యూటీ అయి ఇంటికొచ్చేసరికి వెలుతురుంటుందా?" అన్నది. మనసు బాగాలేదని నాన్నతో చెప్పని కూతురు, నెల రోజులుగా పొద్దు చూడలేదని మాత్రం చెబుతుంది. అంతమాత్రంతో అందరికీ ఆ జబ్బే అనుకోనక్కర్లేదు. రెండు వారాలకు మించి నిద్ర, తిండి, పని దెబ్బతింటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పడానికి ఈ వెలుతురు మాట దారి చేస్తుంది.

ఉదయగిరి, ఆత్మకూరు, బద్వేలు వైపు చాలా ఇళ్లకు విదేశమంటే అమెరికా కాదు, కువైట్. అక్కడ శరత్తు వచ్చిందంటే ఊరట. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలోనే అంత వేడి నమ్మకంగా కొలిచిన చోటు ఇంకొకటి లేదని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నియమం. సెప్టెంబరు 1 నుంచి ఆ నియమం ఉండదు, ఎండ మాత్రం ఆ రోజే ముగిసిపోదు. ఇది తెలిసినవాళ్లు సెప్టెంబరులో "ఎండలు తగ్గాయా" అని అడిగి ఊరుకోరు, "మధ్యాహ్నం పని మళ్లీ మొదలుపెట్టారా?" అని అడుగుతారు. ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లకు ఈ మధ్యాహ్నపు నియమం వర్తించదు. వాళ్లు "ఏసీలోనే ఉంటాను, నాకేం ఎండ" అంటారు. వాళ్లకు అడగాల్సిన రెండో మాట పడుకునే గది గురించి, మేడ మీద బట్టలారేసే పని గురించి. నవంబరులో వానలు కువైట్‌లో కూడా పడతాయి. 2018 నవంబరులో రోడ్లు మునిగి అక్కడి ప్రజాపనుల మంత్రి రాజీనామా చేసేదాకా వచ్చింది. ఇసుకదేశంలో వానేమిటని నవ్వేసేవాళ్లు, అదే నెలలో రెండు ఊళ్లూ ఒకే సంగతి మాట్లాడుకునే అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను, ప్రధాన వాదానికి అంత అవసరం కాకపోయినా. ఆగస్టు చివర దక్షిణాన తెల్లవారుజామున ఒక ప్రకాశవంతమైన నక్షత్రం కనబడితే గల్ఫ్ అరబ్బులు వేడి తగ్గుముఖం పట్టిందంటారు. దాన్ని వాళ్లు సుహైల్ అంటారు. మనవాళ్లు అగస్త్యుడంటారు. అగస్త్యుడు ఉదయిస్తే వరదనీళ్లు తేరుకుంటాయని, శరత్తు వచ్చినట్టని మన కావ్యాలు చెబుతూనే ఉన్నాయి. అంతేకాదు, అక్టోబరు నడిమి నుంచి గల్ఫ్‌లో 'వస్మ్' అనే వానల కాలం లెక్కపెడతారు. ఒక్కో నక్షత్రానికి 13 రోజుల చొప్పున నాలుగు నక్షత్రాలు, మొత్తం 52 రోజులు. ఆ నాలుగింటిలో సిమాక్ అన్నది మన చిత్త నక్షత్రమే. కార్తెలు లెక్కపెట్టే మెట్టరైతు కూతురు పనిచేసే ఇంట్లో ఓ ముసలాయన అదే ఆకాశం చూసి అదే తరహాలో రోజులు లెక్కపెడుతూ ఉండొచ్చు. ఒక ఫోనుకు సరిపడా మాట ఇందులో ఉంది.

ఆస్ట్రేలియా గురించి రెండు ముక్కలు చాలు. అక్కడ అక్టోబరంటే వసంతం. మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఆ నెల మొదటి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు. ఇక్కడ ముసురు పట్టేకొద్దీ అక్కడ ఎండలు ముదురుతాయి. "చలికి జాగ్రత్త" అని ఏటా డిసెంబరులో చెప్పించుకుని నవ్వుకునే పిల్లలు అక్కడ చాలామందే ఉంటారు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది గట్టిది. పైపై మాటలు మనిషికి మేలు చేయవని, గంభీరమైన మాటలే సంతోషాన్నిస్తాయని శాస్త్రం తేల్చింది కదా అంటారు. ఆ మాటకు ఆధారం 2010లో మథియాస్ మెల్ బృందం 79 మంది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం. చిన్న రికార్డరు వాళ్ల దగ్గర ఉంచి నాలుగు రోజులు వాళ్ల మాటల తునకలను పట్టుకున్నారు. సంతోషంగా ఉన్నవాళ్లలో గంభీరమైన సంభాషణలు ఎక్కువగా, పైపై మాటలు తక్కువగా కనిపించాయి. చాలా పుస్తకాలు అక్కడే ఆగిపోయాయి. అదే మెల్ భాగస్వామిగా 2018లో 486 మంది మీద అలాంటి పరిశీలనే మళ్లీ చేస్తే గంభీరమైన సంభాషణల సంగతి నిలబడింది, పైపై మాటలు చెడుపన్నది నిలబడలేదు. వాటికీ సంతోషానికీ ముడి కనబడలేదు. అంటే వాతావరణం మాట విషమూ కాదు, మందూ కాదు. నేను చెప్పేదీ అదే. వాన గురించి ఎన్నిసార్లు మాట్లాడినా దానంతట అది ఏమీ ఇవ్వదు, అది ఎటు దారితీసిందన్నదే లెక్క. మెట్టలో అది గంభీరమైన సంభాషణకు అన్నిటికంటే దగ్గరి దారి.

రెండో అభ్యంతరం, వాతావరణం మాట ఒక ముసుగు, అసలు బాధను దాచుకోవడానికి వాడతారు అన్నది. నిజమే, వాడతారు. దాచుకునే హక్కు మనుషులకు ఉండాలి కూడా. ముసుగు లాగేయడం మన పని కాదు. వాతావరణానికీ మనసుకూ ఉన్న ముడి మీద ఒక ప్రసిద్ధమైన పరీక్ష ఉంది. 1983లో షువార్జ్, క్లోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫోను చేసి, మీ జీవితం మీకెంత తృప్తిగా ఉందని జనాన్ని అడిగారు. వాన రోజున అడిగితే తృప్తి తక్కువని, ఎండ రోజున అడిగితే ఎక్కువని జవాబులొచ్చాయి. ముందుగా "మీ ఊళ్లో వాతావరణం ఎలా ఉంది" అని మామూలుగా అడిగి, ఆ తర్వాత జీవితం సంగతి అడిగితే ఆ తేడా పోయింది. దిగులు ముసురుదా, బతుకుదా అన్నది మనిషి విడదీసుకోగలిగాడన్నమాట. ఇంత అందమైన ఫలితాన్ని చూసి నేను కూడా ఈ అధ్యాయమంతా దీని మీదే కట్టేయాలి నిజానికి. కానీ 2013లో పది లక్షల మందికి పైగా అమెరికన్ల జవాబులు తిరగేస్తే, ఆ రోజు వాతావరణం జీవిత తృప్తిని అంతగా కదిలించదని తేలింది. అందుకని పాత పరీక్ష నుంచి తీసుకోవలసినది కొంచెమే. ముందు వాతావరణం అడగడం సమయం వృథా అని ఎవరూ రుజువు చేయలేదు, మనిషికి తన మనసును పక్కనబెట్టి చూసుకునే వ్యవధి అందులో దొరకవచ్చు. ఆచరణలో గీత ఇది. రెండో ప్రశ్నకు పొడిగా జవాబొచ్చి మాట మళ్లితే వదిలేయండి. మూడోది అడిగితే అది విచారణ అవుతుంది. "నాటింది నిలిచిందా" అన్న ప్రశ్న వెనకే "ఎంత ఖర్చయింది, ఎక్కడ తెచ్చారు, ఎంత వడ్డీ" అని వరసపెడితే వచ్చే వారం వాన సంగతి కూడా చెప్పరు.

మూడో అభ్యంతరం, ఫోనులో యాప్ తీస్తే ఇరవై ఊళ్ల వాతావరణం కనబడుతుంటే అడగడమెందుకన్న కుర్రకారు మాట. యాప్‌లో డిగ్రీలుంటాయి, వాన పడే శాతం ఉంటుంది. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు రెండున్నర మిల్లీమీటర్లు పడితే అది వాన రోజే. ఆ రెండున్నర మిల్లీమీటర్లతో దుమ్ము అణుగుతుందేమో గానీ నాగలి దిగదు. యాప్ చూసి "నిన్న మీకు వాన పడింది కదా" అని చెప్పే కొడుకుతో తండ్రికి మాట్లాడడానికి ఏమీ మిగలదు, తను చెప్పాల్సింది వాడే చెప్పేశాడు. యాప్ చూసి "పదునుకు సరిపోయిందా" అని అడిగే కొడుకుతో అరగంట మాట్లాడొచ్చు.

ఈ సలహా పనికిరాని రోజులు కొన్ని ఉన్నాయి, అవి ఈ కాలంలోనే వస్తాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగి పెన్న పొంగిన వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను, అన్నీ శరత్తు, హేమంతాల మధ్యనే వచ్చాయి. అలాంటి రోజున లోతైన సంభాషణ వద్దు. కరెంటు పోయి ఉంటుంది, ఫోనులో ఉన్న కాస్త చార్జింగు వాళ్లకే కావాలి. "కరెంటుందా, గొడ్లు ఎత్తుమీద ఉన్నాయా, రాత్రికి ఎక్కడ పడుకుంటారు" అన్న మూడు మాటలు మెసేజ్ పెట్టి జవాబు కోసం ఆగడమే మంచిది. బంధువులంతా విడివిడిగా ఫోన్ చేసే బదులు ఒకరు చేసి మిగతావారికి చెబితే సరిపోతుంది. తుపాను పోయిన నాలుగో రోజున మాత్రం తప్పకుండా ఫోన్ చేయండి. టీవీ వెళ్లిపోయాక, నష్టం రాసుకోవడానికి వచ్చే అధికారుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఆ రోజుల్లో ఎవరూ అడగరు.

డిసెంబరు దాటాక వాన మాటలు ఒక్కసారిగా ఆగిపోతాయి. సంక్రాంతి పిండివంటలు, రాకపోకలు వచ్చి వాటిని తోసేస్తాయి. కానీ అక్టోబరులో అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు అప్పటికింకా రాదు. స్వాతి వానకు నాటిన పొగాకు ఆకు కొట్టి, బ్యారన్‌లో కాల్చి, గ్రేడ్లు కట్టి బేళ్లు చేసేసరికి ఎండలు మొదలవుతాయి. మర్రిపాడు మండలంలోనే ఉన్న డీసీపల్లి వేలం కేంద్రంలో ఆ బేళ్లు అమ్ముడుపోయిన రోజున గానీ అక్టోబరు వాన మంచిదో చెడ్డదో తేలదు. విశాఖ కార్తెలో రెండోసారి నాటామని చెప్పిన నాన్నకు వేలం సాగే రోజుల్లో ఫోన్ చేసి, "ఆ రెండోసారి నాటిన చేలో ఆకు ఎట్లా వచ్చింది, దానికి రేటు పలికిందా?" అని అడగండి. నాలుగైదు నెలల కిందటి మాటను పట్టుకుని వేసిన ఆ ప్రశ్నకు ఆయన ఎంతసేపు జవాబు చెబుతారో, మధ్యలో ఫోను అమ్మకు ఇవ్వడం కూడా ఎలా మరిచిపోతారో మీరే చూస్తారు.